సగటు ఇరవైన్నర

జిల్లా క్రీడాశాఖ ఆఫీసులో తాగే నీళ్ల కుండ పగిలి ఏడాదిన్నర అయింది. కొత్త కుండ కోసం పెట్టిన కాగితం ఇంకా బల్లలు మారుతూనే ఉంది. ఎవరూ అడగని యంత్రం మాత్రం ఒక సోమవారం పొద్దున జీపెక్కి వచ్చి దిగింది.

దాని పేరు క్రీడా దుర్భిణి. ప్రపంచంలో ఏ మూల ఏ ఆట జరిగినా ఆ లెక్కలన్నీ క్షణంలో లాక్కొస్తుందని అమ్మకందారు రాజధానిలో పెద్దల ముందు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ‘మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ ర్యాంకులు’ అని టైపు చేసి మీట నొక్కాడు. రెప్ప వేసి తీసేలోగా వెయ్యి పేర్లు బొరుగులు చల్లినట్టు తెరమీద రాలాయి. ఏ దేశం పిల్ల, ఎన్ని పాయింట్లు, పోయిన వారం ఎన్నో స్థానం, ఈ వారం ఎన్నో స్థానం, అన్నీ ఉన్నాయి. కమిషనరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. కమిషనరు లేచాక కూర్చుని ఉండే ధైర్యం ఎవరికుంది? అందరూ లేచారు. అంతమంది పెద్దలు లేచి నిలబడినదాన్ని కొనకపోతే మర్యాదగా ఉండదు కనుక కొన్నారు. జిల్లాకొకటి పంపారు.

వచ్చాక తెలిసింది, దానికి ఆ ఒక్క పనే వచ్చునని.

సూపరింటెండెంటు ఓబుళపతి ఒంటివేలితో టైపు చేసేవాడు. జిల్లాలో కబడ్డీ జట్లు ఎన్ని అని అడిగాడు. మహిళల టెన్నిస్ ర్యాంకులు వచ్చాయి. మన మైదానాల విస్తీర్ణం ఎంత అన్నాడు. మళ్లీ అవే వచ్చాయి. విసుగెత్తి ‘నీకు సిగ్గుందా’ అని కొట్టాడు. ఆ ప్రశ్నకూ అదే జవాబు, అదే వరుస, పైనుంచి కిందికి వెయ్యి పేర్లు.

“సార్, ఇది ఏమడిగినా ఆడోళ్ల టెన్నిసే చెప్తాండాది” అన్నాడు లోపలికి పోయి.

డిప్యూటీ డైరెక్టరు నీలాద్రిరావుగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నేల మీద నడిచిన దానికన్నా కాగితం మీద నడిచింది ఎక్కువ. ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, “దాన్ని లోపం అనరాదు, ఓబుళపతిగారూ. ఏకాగ్రత అనాలి” అన్నారు.

వారం తిరక్కుండానే రాజధాని నుంచి సర్క్యులరు వచ్చింది. ‘ఇకమీదట శాఖలో ఏ నిర్ణయమైనను దుర్భిణి ద్వారా సేకరించిన దత్తాంశము ప్రాతిపదికగానే తీసుకొనవలెను. సిబ్బంది కంటితో చూచినది, చెవితో విన్నది, కాలితో తొక్కినది ఆధారముగా పరిగణింపబడదు.’ దాని వెనకాలే ఇంకొకటి. వెయ్యి పేర్లను ఊరికే వదిలేస్తే వాటికి జవాబుదారీ ఎవరు? అందుచేత వాటిని జిల్లాల మీద పంచారు. జిల్లాకు నలభై ర్యాంకులు. అక్షరక్రమంలో ఈ జిల్లా పేరు అన్నిటికన్నా ముందుంది. అంచేత ఒకటో ర్యాంకు నుంచి నలభయ్యో ర్యాంకు దాకా, ప్రపంచంలోకెల్లా గట్టి ఆటగత్తెలు నలభై మంది, ఆ కరువు జిల్లా వాటాకు వచ్చారు.

ఈ సంగతి ఆ నలభై మందికీ తెలియదు. తెలియజేయాలని సర్క్యులరులో లేదు.

వాళ్ల బాగోగులు చూసేందుకు జిల్లాలో ఒక బాధ్యురాలిని పెట్టాలి. ‘టెన్నిస్‌కు సంబంధించిన మహిళా సిబ్బంది’ అన్న గడిలో జిల్లా మొత్తానికి ఒకటే పేరుంది. బి. కుళ్లాయమ్మ, కాంట్రాక్టు, కోర్టుకు నీళ్లు పోయు పని.

కుళ్లాయమ్మకు యాభై రెండేళ్లు. ఆఫీసు వెనక ఎర్రమట్టి టెన్నిసు కోర్టు ఒకటుంది. పందొమ్మిదేళ్లుగా దాన్ని పెంచింది ఆమె. పెంచింది అనే అనాలి. మట్టికోర్టు పసిబిడ్డ లాంటిది, ఒక్కరోజు ఏమారితే మొహం వాడిపోతుంది. పొద్దు పొడవక ముందే నీళ్లు చల్లేది. మడమ ఆనించి నొక్కి చూసేది. మడమ దిగబడితే ఆగేది, గుర్తు మాత్రం పడితే రాతి రోలరు లాగేది, గుర్తు కూడా పడకపోతే మళ్లీ నీళ్లు. ఆపైన గోనెపట్టా ఈడ్చి సాపు చేసి, సున్నంతో గీతలు గీసేది. ఏడింటికల్లా బడిపిల్లలు పది పన్నెండు మంది ఆడపిల్లలు వచ్చి ఆడేవాళ్లు. కుళ్లాయమ్మకు ఆట నియమాలు తెలియవు. కానీ బంతి లేచిన ఎత్తును బట్టి ఏ మూల నీళ్లు తక్కువ పడ్డాయో చెప్పేది.

ఏటా మార్చి ముప్పై ఒకటిన ఆమెకు ఒక కాగితం ఇస్తారు, ఇంకో ఏడాదికి పొడిగించినట్టు. ఆ కాగితం ఉంటే గేటు లోపల, లేకుంటే గేటు బయట. ఆ కాగితం తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. ఆ కోర్టుకు ఆమె తప్ప ఇంకో దిక్కు లేదు.

“కుళ్లాయక్కా, నువ్వు ఇంగ ఇంచార్జివి” అన్నాడు ఓబుళపతి.

“దేనికి సామీ?”

“నలభై మంది ఆటగత్తెలకు.”

“యాడుండారు? తిండి నేనే వండల్లనా?”

“ఇక్కడ ల్యారు లే. ప్రపంచమంతా తిరుగుతాంటారు. వాళ్ల ర్యాంకులు కిందికి పోకుండా నువ్వు చూసుకోవల్ల.”

కుళ్లాయమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఎండదెబ్బ గుర్తులేమీ కనబడలేదు. “సరేలే” అని మట్టికాళ్లు కడుక్కుని లోపలికొచ్చింది.

పట్టిక ప్రతి సోమవారం మారుతుంది. మొదటి సోమవారమే ఒక దెబ్బ తగిలింది. పద్నాలుగో స్థానంలో ఉన్న పిల్ల పందొమ్మిదికి పడిపోయింది. నీలాద్రిరావుగారు కుళ్లాయమ్మను పిలిపించారు.

“ఏమ్మా, పైన సూచించిన క్రీడాకారిణి అయిదు స్థానాలు దిగజారింది. దీనికి మీ సంజాయిషీ ఏమిటి?”

“ఆ పాప యాడ ఆడింది సామీ?”

“విదేశంలో.”

“అంత దూరంలో పడిపోతే నేనెట్ల పట్టుకుంటా సామీ?”

“అది మౌఖిక సమాధానం. లిఖితపూర్వకంగా కావాలి.”

ఓబుళపతి జాలిపడి ఆమె తరఫున తనే రాశాడు. ‘ఆ వారము కోర్టుకు నీరు చాలనందున సదరు క్రీడాకారిణి ఆటతీరు మందగించినది.’ కుళ్లాయమ్మ సంతకం చేసింది. మూడో నాడు దానిమీద ఇంకో మెమో వచ్చింది, నీరు ఎందుకు చాలలేదని.

“నన్ను పొద్దన్నుంచి మాపటి దాకా ఈ బల్ల దగ్గర కూర్చోబెడ్తిరి, ఇంగ నీళ్లెవరు పోస్తారు సామీ? ఆ మిషన్ పోస్తాదా?”

ఆ మాట నిజం. ఇప్పుడామె పని పట్టికలోని నలభై పేర్లకు ఎదురుగా ఎర్రసిరా, ఆకుపచ్చ సిరా చుక్కలు పెట్టడం. ఎక్కినవాళ్లకు ఆకుపచ్చ, దిగినవాళ్లకు ఎరుపు. కోర్టు దగ్గరికి పోతే హాజరు పట్టీలో ‘స్థానంలో లేరు’ అని పడుతుంది. వాచ్‌మన్ మస్తాన్ వలీకీ కొత్త పని పడింది. పై నలభై మందిలో ఎవరైనా వస్తే గేటు పుస్తకంలో రాసుకోవాలి, రాకపోతే రాలేదని రాయాలి. ఆయన దినం దినం నిష్ఠగా ‘నేడు ర్యాంకువారు ఎవరూ రాలేదు’ అని రాసి కింద సంతకం పెడుతున్నాడు. లోపలికి వచ్చే బడిపిల్లలను రాసుకునేందుకు ఆ పుస్తకంలో గడి లేదు.

నెలాఖరుకు అసలు ముప్పు బయటపడింది. నీలాద్రిరావుగారు నలభై ర్యాంకులనూ కూడి నలభైతో భాగించారు. ఇరవైన్నర వచ్చింది. రెండో నెలా అలాగే చేశారు. ఇరవైన్నర. మూడో నెలకు ఆయన మొహం ముడుచుకుపోయింది. మళ్లీ ఇరవైన్నరే.

“ఓబుళపతిగారూ, మూడు మాసాలుగా వృద్ధి శూన్యం! రాజధానిలో నేనేం ముఖం పెట్టుకుని చెప్పాలి?”

ఓబుళపతి నాలుక చివర దాకా ఒక మాట వచ్చింది. రిటైరు కావడానికి రెండేళ్లే ఉందని గుర్తొచ్చి మింగేశాడు. బల్ల దగ్గర చుక్కలు పెడుతున్న కుళ్లాయమ్మకు మింగే అలవాటు లేదు.

“ఒక మాట చెప్తా వినండి సామీ. మా ఊర్లో దిగుడుబాయి ఉండాది. నలభై మెట్లు. పొద్దన్నుంచీ జనం ఎక్కుతాంటారు, దిగుతాంటారు. ఎవురు ఎక్కినా ఎవురు దిగినా మెట్లు యాడివాడ్నే ఉంటాయి గదా? మూడో మెట్టు లేచిపోయి రెండో మెట్టు మీద కూర్చుంటాదా? మీరు లెక్కపెట్టేది జనాన్ని గాదు సామీ, మెట్లని.”

నీలాద్రిరావుగారు మెల్లగా అన్నారు, “చూశారా, ఇదీ మన క్షేత్రస్థాయి సిబ్బంది మనోవైఖరి. లక్ష్యం పట్ల విశ్వాసమే లేదు. ఇక వృద్ధి ఎలా వస్తుంది?”

ఆ సాయంత్రమే మెమో టైపు అయింది. మార్చి ముప్పై ఒకటి లోగా జిల్లా సగటు ఇరవైన్నర నుంచి పదికి రావాలి. రాని పక్షంలో శ్రీమతి కుళ్లాయమ్మ కాంట్రాక్టు పొడిగింపు పరిశీలింపబడదు.

ఫిబ్రవరి ఎండలు ముదిరాయి. కిటికీలోంచి కోర్టు కనబడుతూ ఉండేది. మొదట దాని రంగు పోయింది. కుంకుమలా ఉండే నేల ఇటుకపొడిలా తెల్లబారింది. తర్వాత అంచుల్లో సన్నగా చీలికలు లేచాయి. వారానికి అవి మధ్యకు పాకాయి. సర్వీసు గీత దగ్గర చీమలు పుట్ట పెట్టాయి. బంతి ఎటు పడితే అటు ఎగురుతోందని పిల్లలు ఒకరొకరే రావడం మానేశారు. చివరిదాకా వచ్చిన పిల్ల బీటలో కాలు ఇరుక్కుని మోకాలు పగలగొట్టుకుంది. కుళ్లాయమ్మ చుక్కలు వదిలేసి బకెట్టు పట్టుకుని పరుగెత్తింది. నాలుగు బకెట్లు పోసింది. నేల బుస్సుమని తాగేసి ఇంకా నోరు తెరిచే ఉంది. వెనక్కి వచ్చేసరికి బల్లమీద మెమో ఉంది, ‘స్థానంలో లేరు’ అని.

ఆమె దాన్ని నీలాద్రిరావుగారి దగ్గరికి తీసుకుపోయింది. “సామీ, కోర్టు పగిలిపోయింది. పిల్లోళ్లు రాకుండా పోయినారు. ఒక్కతూరి కిటికీలోంచి చూడండి.”

ఆయన కిటికీ వైపు తల తిప్పబోయి ఆగారు. “కంటితో చూసినది ఆధారం కాదమ్మా. సర్క్యులరు మీరు చదవలేదా?” అని దుర్భిణిలో ‘కోర్టు పరిస్థితి’ అని కొట్టించారు. వెయ్యి పేర్లు వచ్చాయి. “చూశారుగా, ఎక్కడా పగుళ్ల ప్రస్తావనే లేదు.”

మార్చి నడిమికి వచ్చేసరికి కుళ్లాయమ్మకు తిండి సయించడం లేదు. చుట్టూ నలుగురూ సగటు సగటు అంటూ తిరుగుతుంటే ఒకరోజు మధ్యాహ్నం కడుపు మండి కసిరింది.

“ఏంది సామీ ఈ రంపు? శనక్కాయలమ్మేటోన్ని అడిగినా చెప్తాడు. గంపలో తాలుకాయలు ఏరి పారేస్తే మిగిలినవన్నీ గట్టికాయలే. ఆ ఎనకపక్క ఇరవై మందినీ ఏరి పారేయండి, మీ గంప మెరుస్తాది!”

ఎగతాళికి అంది. ఓబుళపతి ఎగతాళిగా తీసుకోలేదు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఒకటి నుంచి పందొమ్మిది దాకా కూడితే నూటతొంభై. పందొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పది. కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి లోపలికి పోయాడు.

నీలాద్రిరావుగారు దానికి ‘ర్యాంకుల హేతుబద్ధీకరణ’ అని పేరు పెట్టారు. ఇరవై నుంచి నలభై వరకు గల ఇరవై ఒక్క ర్యాంకులను ప్రధాన కార్యాలయానికి సరెండరు చేస్తున్నట్టు ఆ రోజే లేఖ పోయింది. ఇరవైన్నర పదయింది. తెరమీద సమావేశంలో కమిషనరుగారి మొహం వికసించింది. ఒకే వారంలో సగటును సగానికి పైగా మెరుగుపరిచిన జిల్లాను మిగతా జిల్లాలు ఆదర్శంగా తీసుకోవాలన్నారు.

తీసుకున్నాయి. రెండో రోజు నుంచి జిల్లాలన్నీ తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాయి. పక్క జిల్లా నలభై మందిలో ముప్పై మందిని వదిలించుకుంది. ఇంకో జిల్లా అయిదుగురిని ఉంచుకుంది. పోటీలో వెనకబడతామని భయపడి నీలాద్రిరావుగారు ఇంకా ఏరించారు. పందొమ్మిది పది మందయ్యారు, పది మంది ముగ్గురయ్యారు. మార్చి ఇరవై తొమ్మిది నాటికి ఒక్కతే మిగిలింది. ఒకటో ర్యాంకు. సగటు ఒకటి. కడపటి జిల్లా ఎంత ఏరినా తొమ్మిది వందల అరవై ఒకటి దగ్గరే ఆగిపోయింది. అంత మందకొడిగా పనిచేసినందుకు అక్కడి అధికారిని సస్పెండు చేశారు. వదిలించుకున్న పేర్లన్నీ రాజధానిలో కుప్పపడ్డాయి. ఆ కుప్పను చూసుకోవడానికి ఒక జాయింటు డైరెక్టరును వేశారు.

నీలాద్రిరావుగారికి శాలువా కప్పారు. కుళ్లాయమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమెకు అది పట్టలేదు. సగటు పది అడిగారు, ఒకటి చేసి ఇచ్చింది. ముప్పై ఒకటో తేదీ పొద్దున తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పొడిగింపు కాగితం కోసం వచ్చి నిలబడింది. ఏప్రిల్ మొదటి వారమంతా రోజుకు మూడు తడులు పెడితే బీటలు పూడతాయని దారిలోనే లెక్క వేసుకుంది.

“కూర్చోండమ్మా” అన్నారు నీలాద్రిరావుగారు. ఆఫీసులో ఆమెను కూర్చోమన్నది అదే మొదలు. పశువును అమ్మేరోజున దానికి పసుపు బొట్టు పెడతారు.

ఆయన కాగితం తీసి చదివారు. “మీకు అప్పగించిన లక్ష్యాన్ని మించి సాధించినందుకు శాఖ తన హర్షాన్ని తెలియజేయుచున్నది. ఒకటో ర్యాంకునకు పైన ర్యాంకు లేనందున, ఇక మెరుగుపరచవలసినది లేదు. మెరుగుపరచవలసినది లేనందున, మెరుగుపరచు మనిషి అవసరం లేదు. కావున సదరు పోస్టు నేటితో ముగించడమైనది.”

కుళ్లాయమ్మ ఓబుళపతి వైపు చూసింది. ఆయన స్టాప్లరు తెరిచి పిన్నులు ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు.

“పది చేయకపోతే తీసేస్తామంటిరి. చేస్తే కూడా తీసేస్తిరి. మంచిది సామీ. మిషన్ పని వద్దులే, కోర్టుకు నీళ్లు పోసే పనన్నా ఇయ్యండి. పందొమ్మిదేండ్లు పోసినా గదా.”

“అది ఇప్పుడు ఖాళీ పోస్టు. ఖాళీని దుర్భిణి ద్వారానే భర్తీ చేయాలి. మీకే కాదు, నాకు కూడా మినహాయింపు లేదు.” ఆయన నిజాయితీగా ఓబుళపతికి సైగ చేశారు. ఓబుళపతి ఒంటివేలితో ‘టెన్నిస్ కోర్టుకు నీళ్లు పోయుటకు అర్హులు’ అని కొట్టాడు. వెయ్యి పేర్లు వచ్చాయి. వెతికారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. కుళ్లాయమ్మ పేరు లేదు.

“చూశారుగా. మెరిట్ జాబితాలో మీరు లేరు. పైనుంచి వరసగా పిలుస్తాం. మొదటి ర్యాంకు వారికి నియామక ఉత్తర్వు పంపుతాం. చేరడానికి పదిహేను రోజుల గడువు. చేరకపోతే రెండో ర్యాంకు, తర్వాత మూడు. జాబితా పూర్తయ్యాక స్థానికుల దరఖాస్తులు తప్పక పరిశీలిస్తాం.”

ఓబుళపతి అలవాటుగా వేళ్లు మడిచాడు. వెయ్యి మంది, తలా పదిహేను రోజులు. “నలభై ఒక్క ఏడాది పడతాది సార్” అన్నాడు నీళ్లు నములుతూ. “నడమ సోమవారం సోమవారం వరస మారుతాది గదా సార్, అప్పుడెట్ల?”

“అప్పుడు న్యాయంగా మళ్లీ ఒకటో పేరు నుంచి మొదలుపెట్టాలి.”

నియామక ఉత్తర్వు అక్కడే టైపు అయింది. ప్రపంచంలో ఒకటో ర్యాంకు క్రీడాకారిణి ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా బకెట్టు, గొట్టం సొంతంగా తెచ్చుకుని, వయసు ధ్రువీకరణ పత్రంతో సహా జిల్లా క్రీడాశాఖలో హాజరు కావలెను. నీలాద్రిరావుగారు సంతకం చేసి ముద్ర వేయించారు.

కుళ్లాయమ్మ లేచింది. తిట్టలేదు, ఏడవలేదు. గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

“సామీ, ఆ పాప నిజంగా వచ్చేస్తే మాయింటికి పంపించండి. మడమతో నేలనెట్ల చూడల్లో నేను నేర్పిస్తా. పాపం, ఆడకూతురు, యాడో దూరం నుంచి వస్తాది. ఈడ మీకెవురికీ నీళ్లు పోసేదే తెల్దు.”

ఆమె గేటు దాటి పోయింది. మస్తాన్ వలీ లేచి నిలబడి సలాము చేశాడు. ఆమె పోవడాన్ని రాసుకునేందుకు ఆయన పుస్తకంలో గడి లేదు.

లోపల నీలాద్రిరావుగారు ముద్ర వేసిన ఉత్తర్వును మళ్లీ తెరిపించి అడుగున ఒక వాక్యం చేర్పించారు. ‘అభ్యర్థినికి స్థానికంగా శిక్షణ ఏర్పాటు చేయడమైనది. శిక్షకురాలు జీతము కోరలేదు.’